దవడకూ మెడకూ చుట్టరికం



ముందుగా ఒక చిన్న పని చెయ్యండి. మీ రెండు చూపుడు వేళ్ళనూ రెండు చెవులకు ముందువైపున, చెవి రంధ్రానికి అంగుళం లోపు దూరంలో ఆనించి పెట్టుకోండి. ఇప్పుడు నోరు మెల్లగా తెరవండి, మళ్ళీ మూయండి. వేళ్ళ కింద గుండ్రటి ఎముక ఒకటి ముందుకు జరిగినట్టూ, నోరు మూయగానే వెనక్కు పోయి తన గూట్లో దాక్కున్నట్టూ లేదూ? అదే దవడ కీలు.

మోకాలు చూపించరా అంటే మూడేళ్ళ పిల్లవాడు కూడా చూపిస్తాడు. దవడ కీలు ఎక్కడున్నదని నేను ఉద్యోగం చేసినంతకాలం తరగతిలో అడుగుతూ వచ్చాను. చాలామంది గడ్డం పట్టుకునేవారు. ఒకడు పన్ను చూపించాడు. తినేటప్పుడూ, మాట్లాడేటప్పుడూ, ఆవులించేటప్పుడూ రోజుకు ఎన్నోసార్లు పనిచేసే కీలు చెవి పక్కనే ఉన్నదన్న సంగతి, అది నొప్పి పెట్టేదాకా ఎవరికీ తెలియదు.

ఈ కీలు తక్కిన కీళ్ళ వంటిది కాదు. మోచెయ్యి తలుపు బందులాగా ముడుచుకుని తెరుచుకుంటుంది, అంతే. దవడ కీలు రెండు పనులు చేస్తుంది. నోరు కొద్దిగా తెరిచేటప్పుడు తలుపు బందులాగా తిరుగుతుంది. ఇంకా పెద్దగా తెరిచేటప్పుడు బల్ల సొరుగులాగా ముందుకు జారుతుంది. ఇందాక మీ వేలికి తగిలింది ఆ జారటమే. పైగా కింది దవడ ఒకటే ఎముక, దాని రెండు చివరలా రెండు కీళ్ళు. ఒక కాడికి కట్టిన ఎద్దుల జతను చూశారు గదా. కుడి ఎద్దు నడిచి ఎడమ ఎద్దు ఆగిపోతే బండి పక్కకు తిరుగుతుంది. ఒక కీలు జారి రెండోది జారకపోతే నోరు తెరిచేటప్పుడు గడ్డం కూడా అలాగే పక్కకు పోతుంది. అద్దం ముందు నిలబడి చూస్తే ఎవరికి వారే కనిపెట్టవచ్చు.

పై ఎముకకూ కింది ఎముకకూ మధ్య ఒరిపిడి లేకుండా పీచు వంటి గట్టి పదార్థంతో చేసిన చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దవడతోబాటు అదీ ముందుకు వెనక్కు కదలాలి. ఒక్కొక్కప్పుడు అది ముందుకు తప్పుకుంటుంది. అప్పుడు నోరు తెరిస్తే ఎముక బిళ్ళ మీదకు ఎక్కుతూ టక్కుమంటుంది. మీలో కొందరికి ఆ చప్పుడు ఉండవచ్చు. భయపడకండి. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటున్నంత కాలం ఆ చప్పుడుకు వైద్యం అక్కరలేదు. కాని స్నేహితులకు వినిపించటానికి పనిగట్టుకుని టక్కుటక్కుమనిపించేవారు మాత్రం ఆ ఆట మానాలి.

నోరు ఎంత తెరుచుకోవాలి? మీ చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మూడూ కలిపి నిలువుగా ముందు పళ్ళ మధ్య పట్టాలి. పెద్దవాళ్ళకు ఇది సుమారు 40 నుంచి 50 మిల్లీమీటర్లు. పిల్లల వేళ్ళు చిన్నవి, నోరూ చిన్నదే కనక లెక్క సరిపోతుంది.

ఇంతకూ మెడ మాట ఎత్తకుండా దవడ మాటే చెబుతున్నానని మీరు అనుకుంటున్నారు కాబోలు. రెండో పని చెయ్యండి. నిటారుగా కూర్చుని, ఎదరకు చూస్తూ పై పళ్ళనూ కింది పళ్ళనూ చాలా మెల్లగా రెండు మూడుసార్లు తాకించండి. గట్టిగా కొరకవద్దు. ఏ పళ్ళు ముందు తగులుతున్నవో గమనించండి. ఇప్పుడు తల పైకెత్తి ఇంటి కప్పు చూస్తూ అలాగే తాకించండి. తరవాత గడ్డం రొమ్ముకు ఆనేలా తల వంచి తాకించండి. తల ఎత్తినప్పుడు వెనక పళ్ళూ, వంచినప్పుడు ముందు పళ్ళూ ముందుగా తగిలినట్టు చాలామందికి తెలుస్తుంది. మీరు దవడను ఏమీ చెయ్యలేదు. మెడను కదిలించారు, దవడ తనంతట తానే చోటు మార్చుకున్నది!

ఇందుకు కారణం చెబుతాను. కింది దవడ తలకు గట్టిగా అతికించి ఉండదు, కండరాలతో వేలాడుతూ ఉంటుంది. పైనుంచి కణత దగ్గర ఒక కండరం, బుగ్గ దగ్గర ఒక కండరం దాన్ని పైకి లాగుతాయి. పళ్ళు బిగించి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంటే గట్టిగా ఉబికేది ఆ రెండో కండరమే. కింద గొంతు పైభాగాన గుర్రపు లాడం ఆకారంలో ఒక చిన్న ఎముక ఉన్నది. మన ఒంట్లో ఇంకే ఎముకనూ అంటుకోకుండా కండరాల మధ్య వేలాడే విచిత్రమైన ఎముక అది. దాన్నుంచి కొన్ని కండరాలు పైకి గడ్డానికి పోతాయి, కొన్ని కిందికి రొమ్ము ఎముకకూ, భుజానికీ పోతాయి. అంటే గడ్డం నుంచి రొమ్ము దాకా తాళ్ళు కట్టి ఉన్నట్టే. తల ముందుకు చాచితే ఆ తాళ్ళు బిగుసుకుని దవడను కిందికీ వెనక్కూ లాగుతాయి. నోరు తెరుచుకోకుండా ఉండటానికి పై కండరాలు అదనంగా లాగవలసి వస్తుంది. ఇలా గంటల తరబడి జరిగితే అవి అలిసిపోవటంలో వింత ఏమున్నది?

ఇక తల సంగతి. పెద్దవాడి తల బరువు నాలుగున్నర కిలోల నుంచి ఐదు కిలోల దాకా ఉంటుంది. అంటే ఒక మంచి గుమ్మడికాయ అన్నమాట. దాన్ని మోసేవి ఏడు వెన్నుపూసలు. జిరాఫీ మెడలో కూడా ఎముకలు ఏడే, కాకపోతే ఒక్కొక్కటీ చాలా పొడుగు. ఏడింటిలో పై దానికి అట్లాస్ అని పేరు. గ్రీకుల కథల్లో ఆకాశాన్ని మోసేవాడి పేరు అది. మన కథల్లో భూమిని మోసే ఆదిశేషుడివంటి వాడనుకోండి. తల బరువు కేంద్రం ఈ ఎముకకు సరిగ్గా పైన లేదు, కొంచెం ముందుగా ఉన్నది. అందుచేత మనం మేలుకుని ఉన్నంతసేపూ మెడ వెనక కండరాలు తలను వెనక్కు పట్టి ఉంచాలి. దీనికి రుజువు తరగతిలోనే దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనమైన తరవాత చరిత్ర పాఠంలో కునికిపాట్లు పడేవాడి తల ఎటు వాలుతుంది? ముందుకే. కండరాలు పట్టు సడలించగానే గుమ్మడికాయ ముందుకు దొర్లిందన్నమాట.

తల ఎంత వంగితే ఆ కండరాలు అంత గట్టిగా లాగాలి. 2014లో అమెరికాలో ఒక వెన్నెముక వైద్యుడు దీన్ని కంప్యూటరు మీద లెక్క కట్టాడు. తల 15 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 12 కిలోలు, 30 డిగ్రీలకు 18, 60 డిగ్రీలకు 27 కిలోలు అని తేలింది. ఇది లెక్క మాత్రమే, మనుషుల మెడల్లో తూచినది కాదు. అయినా ఒడిలో ఫోను పెట్టుకుని చూసేవాడి మెడ ఎటువంటి పని చేస్తున్నదో ఊహించటానికి పనికివస్తుంది.

ఇప్పుడు నరాల సంగతి చెబితే చుట్టరికం పూర్తిగా బోధపడుతుంది. ముఖం నుంచీ, దవడ నుంచీ వార్తలు తెచ్చే నరం ఒకటి ఉన్నది. దాని దారి మెదడు దగ్గరే ఆగిపోక, మెడ పైభాగంలోని వెన్నుపాము దాకా దిగుతుంది. మెడలోని పై మూడు వెన్నుపూసల దగ్గరినుంచి వచ్చే నరాలు కూడా అక్కడికే చేరుతాయి. రెండు వీధుల ఉత్తరాలు ఒకే తపాలా కచేరీలో కలిసిపోయినట్టు! ఆ ఉత్తరం ఏ వీధిదో మెదడు ఒక్కొక్కప్పుడు సరిగా పోల్చుకోలేదు. మెడలో పుట్టిన నొప్పి కణతలో ఉన్నట్టూ, దవడలో పుట్టిన నొప్పి చెవిలో ఉన్నట్టూ తోస్తుంది.

ఈ చెవి నొప్పి వెనక ఒక చరిత్ర ఉన్నది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఉండేవాడు. చెవి నొప్పి అనీ, చెవిలో హోరు అనీ వచ్చే రోగుల్లో కొందరికి చెవిలో ఏ దోషమూ కనపడేది కాదు. అటువంటివారిలో దవడ కీలు చెడి ఉండటం గమనించి ఆయన 1934లో ఒక వ్యాసం రాశాడు. వెనక పళ్ళు ఊడిపోవటం చేత దవడ వెనక్కు పోయి నరాలను నొక్కుతున్నదని ఆయన చెప్పిన కారణం తరవాతివారి పరీక్షకు నిలవలేదు. కాని చెవి నొప్పి అన్నంత మాత్రాన తప్పు చెవిది కానక్కరలేదన్న మాట నిలిచిపోయింది. శాస్త్రంలో ఇలాగే జరుగుతుంది. చూసినది నిజమై, చెప్పిన కారణం తప్పు కావచ్చు.

కాస్టెన్ చూసిన సంగతే మా వీధి చివర ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి విషయంలోనూ జరిగింది. ఆ పిల్లకు అర్ధసంవత్సర పరీక్షల ముందు ఎడమ చెవి నొప్పి మొదలైంది. వాళ్ళ నాయనమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి చెవిలో పోసింది. తగ్గలేదు. ఒక వైద్యుడి దగ్గరకు తీసుకుపోతే చెవిలోకి దీపం వేసి చూసి, "ఏమీ లేదమ్మా, చెవి శుభ్రంగా ఉన్నది," అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో ఆ పిల్ల మాట నమ్మేవాళ్ళు లేకపోయారు. లెక్కల పరీక్ష దగ్గరపడితే చెవి నొప్పి ఎక్కువవుతున్నదని తండ్రి గమనించాడట. "ఇది చెవి నొప్పి కాదు, లెక్కల నొప్పి," అని వేళాకోళం చేశాడు. పాపం, ఆ పిల్ల రొట్టె తినటం మానేసింది, జామకాయ కొరకటం మానేసింది, బళ్ళో పద్యాల పోటీకి పేరిచ్చి వెనక్కు తీసుకున్నది. నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకునేది కాదు.

చివరకు పుచ్చు పన్నేమోనని పళ్ళ డాక్టరమ్మకు చూపించారు. ఆవిడ పళ్ళు చూడక ముందే మనం ఇందాక చేసినట్టు రెండు చెవుల ముందూ వేళ్ళు పెట్టి నోరు తెరవమన్నది. బుగ్గ కండరం నొక్కగానే పిల్ల కెవ్వుమన్నది. "లెక్కలు చేసేటప్పుడు పళ్ళు బిగిస్తావా?" అని అడిగితే పిల్లకు తెలియలేదు, వాళ్ళ అమ్మ చెప్పింది, "అవునండీ, పెన్సిలు కూడా కొరుకుతుంది. చదివేదంతా బోర్లా పడుకునే." తండ్రి చెప్పినదాంట్లో సగం నిజమేనన్నమాట! పరీక్ష దగ్గరపడ్డకొద్దీ నొప్పి ఎక్కువైన మాట వాస్తవమే. ఎందుకంటే, భయం ఎక్కువైన కొద్దీ పిల్ల పళ్ళు బిగించింది. నటన మాత్రం కాదు.

మందులు పెద్దగా ఏమీ ఇవ్వలేదు. రెండు వారాలు మెత్తటి అన్నం, పప్పు, ఇడ్లీ తినమన్నారు, బుగ్గకు గోరువెచ్చని కాపడం పెట్టమన్నారు. ఫిజియోథెరపిస్టు ఒకాయన మెడకూ దవడకూ వ్యాయామాలు నేర్పాడు. నెలన్నర పట్టింది. ఇప్పుడు నోరు మూడు వేళ్ళు తెరుచుకుంటున్నది. కీలులో టక్కుమనే చప్పుడు మాత్రం పోలేదు, నొప్పి లేదు కనక దాని జోలికి పోవద్దన్నారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలకు వచ్చే చెవి నొప్పుల్లో చాలావరకు చెవికి సంబంధించినవే. ముందుగా చెవి చూపించటమే సరైన పని. ఆ చూపించటానికి ముందు చెవిలో నూనె పొయ్యకండి. చెవి బాగున్నదని తేలితే పిల్లవాడు అబద్ధమాడుతున్నాడని కాక, నొప్పి ఇంకో వీధినుంచి వస్తున్నదేమో వెతకాలి.

వ్యాయామంతో నిజంగా తగ్గుతుందా అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. అడగాలి. దవడ కండరాల నొప్పితో బాధపడే 60 మందిని రెండు జట్లు చేసి అమెరికాలో ఒక పరీక్ష చేశారు. దాని ఫలితం 2000లో వచ్చింది. రెండు జట్లకూ దవడను జాగ్రత్తగా చూసుకునే పద్ధతులు చెప్పారు. ఒక జట్టుకు మాత్రం దానితోబాటు తలా మెడా సరిగా నిలుపుకునే వ్యాయామాలు కూడా నేర్పారు. నాలుగు వారాల తరవాత చూస్తే వ్యాయామం చేసినవాళ్ళ దవడ బాధ సగటున నూటికి 42 పాళ్ళు తగ్గింది, చెయ్యనివాళ్ళకు 8 పాళ్ళు తగ్గింది.

అయితే ఒక వైపే చెప్పి ఊరుకోకూడదు. చిలీ దేశంలో మరియానో రొకబాడో అనే ఫిజియోథెరపిస్టు ఆరు వ్యాయామాల పద్ధతి ఒకటి తయారుచేశాడు. ఆరు రకాలు, ఒక్కొక్కటి ఆరుసార్లు, రోజుకు ఆరు పర్యాయాలు. ఇది చాలా దేశాల్లో ప్రచారంలో ఉన్నది. 2007లో దీన్ని కూడా అమెరికాలో పరీక్ష చేశారు. దవడను జాగ్రత్తగా చూసుకున్నవాళ్ళకూ తగ్గింది, దానితోబాటు ఈ ఆరూ చేసినవాళ్ళకూ తగ్గింది, రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు! మెడ వంగిన ప్రతివారికీ దవడ నొప్పి రాదు, దవడ నొప్పి ఉన్న ప్రతివారి మెడా వంగి ఉండదు. కనక వ్యాయామం మంత్రం కాదు. నా అభిప్రాయం అడిగితే, ఖర్చు లేనిదీ, సరిగా చేస్తే హాని లేనిదీ అయిన వైద్యాన్ని ముందు ప్రయత్నించటం తెలివైన పని. దవడకు విశ్రాంతి ఇవ్వటం మాత్రం ఏ జట్టూ మానలేదని గుర్తుపెట్టుకోండి.

ఆ విశ్రాంతి ఎలాగంటే, దానికి మన అక్షరాలే చాలు. "అమ్మ" అనండి. "మ్మ" దగ్గర ఆగిపోండి. పెదవులు కలిసి ఉన్నవి, పళ్ళు మాత్రం కలవలేదు, అవునా? దవడ విశ్రాంతిగా ఉండే భంగిమ అదే. ఇప్పుడు "ల" అనబోయి నాలుకను అక్కడే ఆపండి. నాలుక కొన పై ముందుపళ్ళ వెనక, అంగిలికి ఆని ఉన్నది. నాలుక అక్కడ, పెదవులు కలిసి, పళ్ళు విడివడి, గాలి ముక్కుతో. రోజులో ఎక్కువ భాగం మన నోరు ఇలాగే ఉండాలి. పై పళ్ళూ కింది పళ్ళూ తాకవలసినది నమిలేటప్పుడూ, మింగేటప్పుడూ మాత్రమే. రోజంతా కలిపినా ఆ సమయం అరగంటకు మించదు. చదివేటప్పుడు పళ్ళు తాకుతున్నవని కనిపెడితే "అమ్మ" అనుకోండి.

దవడ సరిగా తిరగటం నేర్పటానికి నాలుకను ఆ "ల" చోటనే ఉంచి, అది అక్కడనుంచి ఊడిపోకుండా నోరు ఎంత తెరుచుకుంటే అంత మాత్రమే తెరిచి మూయండి. నాలుక కళ్ళెంలాగా పట్టి ఉంచటం చేత దవడ ముందుకు జారదు, బందులాగా తిరుగుతుంది, అంతే. అద్దంలో చూస్తూ గడ్డం తిన్నగా దిగేటట్టు ఆరుసార్లు. తరవాత నోరు ఒక వేలెడు తెరిచి, గడ్డానికి ఒక పక్క రెండు వేళ్ళు ఆనించి మెల్లగా నెట్టండి. దవడ కదలకుండా నిలబడాలి. నెట్టటం అంటే కుస్తీ కాదు, కోడి ఈక బరువంత చాలు. రెండో పక్కా అలాగే.

మెడకు చేసే వ్యాయామాల్లో ముఖ్యమైనది గోడ దగ్గర చేసేది. గోడకు వీపు ఆనించి నిలబడండి. చూపు ఎదరకే ఉండాలి, తల పైకి ఎత్తకూడదు, కిందికి వంచకూడదు. గడ్డాన్ని తిన్నగా వెనక్కు, సొరుగు లోపలికి తోసినట్టు తొయ్యండి. గడ్డం కింద ముడతలు పడి లావుపాటి శెట్టిగారిలాగా కనిపిస్తారు, నవ్వుకోవచ్చు. ఐదు లెక్కపెట్టి వదలండి. ఇదీ ఆరుసార్లే. మెడ వెనక సాగినట్టు ఉండాలి కాని నొప్పి పెట్టకూడదు. ఆ తరవాత చేతులు పక్కలకు వదిలి, భుజాలు చెవులదాకా ఎక్కించకుండా, వీపు మీది రెండు రెక్క ఎముకలనూ ఒకదానికొకటి దగ్గరకు, కొంచెం కిందికి లాగండి. మళ్ళీ ఐదు లెక్క. చివర రెండు చేతులూ మెడ వెనక అల్లి పట్టుకుని "అవునండీ" అన్నట్టు తల చిన్నగా ఆడించండి. ఆడవలసినది పుర్రె మొదట్లోనే, మెడంతా వంగరాదు.

ఇదంతా కలిపి రెండు మూడు నిమిషాల పని. రోజుకు ఆరుసార్లు ఎలా గుర్తుంటుంది అంటారా? బళ్ళో పీరియడు గంట ఉన్నది గదా. గంట కొట్టినప్పుడు గడ్డం వెనక్కు లాగే పని ఒక్కటైనా చెయ్యవచ్చు, పంతులుగారు చూసినా తప్పుపట్టరు. ఒకేసారి నలభైసార్లు చేసి వారం రోజులు మానేసేవాడికంటె, కొద్దికొద్దిగా రోజంతా చేసేవాడికి అలవాటు త్వరగా పడుతుంది. మాకు డ్రిల్లు మాస్టరు ఒకాయన ఉండేవారు, పిల్లలను నిటారుగా నిలబెట్టి "రొమ్ము ముందుకు!" అని కేకలేసేవారు. అందరూ నడుము వంచి, గడ్డం పైకెత్తి కొయ్యలై నిలబడేవారు. అది నిటారు కాదు. నెత్తి మీద నీళ్ళ చెంబు ఉన్నదనుకుని నిలబడితే తల తనంతట తానే భుజాల మీదకు వస్తుంది. కూచిపూడి వారి తరంగం చూసి ఉంటే మీకు తెలుస్తుంది. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, ఒక్కొక్కప్పుడు నెత్తిన నీళ్ళ చెంబు కూడా పెట్టుకుని నాట్యమాడుతారు. వాళ్ళ మెడలో బిగింపు లేదు, వంపూ లేదు.

ఎంత వ్యాయామం చేసినా తక్కిన రోజంతా పుస్తకం నేల మీద పెట్టి దాని మీదకు వాలితే పని జరగదు. మన ఇళ్ళల్లో పురాణం చదవటానికి వ్యాసపీఠం ఉండేది. రెండు చెక్కలు కత్తెరలాగా అమర్చిన పీట అది. పుస్తకం మనిషి దగ్గరకు లేచేది కాని మనిషి పుస్తకం మీదకు వంగేవాడు కాదు. అది అటక మీద ఉంటే దించి తుడిచి పిల్లలకివ్వండి. లేకపోతే రాతపలక కింద రెండు ఇటుకలు పెట్టి ఏటవాలుగా నిలిపినా చాలు. ఫోను చూడక తప్పకపోతే దాన్ని కళ్ళ దగ్గరకు ఎత్తాలి, మోచేతుల కింద దిండు పెట్టుకోవచ్చు. ఏ భంగిమ అయినా అరగంటకు మించితే మంచి భంగిమ కాదు, లేచి నాలుగడుగులు వెయ్యాలి. పుస్తకాల సంచి రెండు భుజాలకూ తగిలించుకోవాలి. దాని బరువు పిల్లవాడి బరువులో పదోవంతుకు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వం పాఠశాలలకు చెప్పింది. ఇంట్లో కాటా ఉంటే ఒకసారి తూచి చూడండి, ఆశ్చర్యపోతారు.

కొన్ని చోట్ల వ్యాయామం పనికిరాదు. పడి దెబ్బ తగిలిన తరవాత వచ్చిన మెడ నొప్పికీ, జ్వరంతో మెడ కొయ్యబారినప్పుడూ, చేతుల్లో తిమ్మిరి ఉన్నప్పుడూ, నోరు ఉన్నట్టుండి బిగుసుకుపోయినప్పుడూ వెంటనే వైద్యుడి దగ్గరకు పోవాలి. గాయమైన తరవాత దవడలు బిగుసుకుంటే అది ధనుర్వాతం కావచ్చు, ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యరాదు. వక్కపొడీ, గుట్కా నమిలేవాళ్ళకు నోరు తెరుచుకోకపోవటం వేరే జబ్బు. లోపలి బుగ్గలు తోలుపట్టెల్లాగా గట్టిపడతాయి, కొందరికి అది కాన్సరుగా మారుతుంది. పొట్లం మానకుండా చేసే ఏ వ్యాయామమూ దానికి చాలదు. ఇక క్షవరం అయిన తరవాత తలను పట్టుకుని మెడ మెటిక విరిపించుకునే సరదా కొందరికి ఉన్నది. అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం చినిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నవి. వద్దని నవ్వుతూ చెబితే ఏ క్షురకుడూ నొచ్చుకోడు.

ఆఖరున ఆవులింత సంగతి. దవడ కీలు వదులుగా ఉన్నవారికి పెద్ద ఆవులింతలో ఎముక గూడు దాటి ముందుకు జారి, నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోవచ్చు. ఇది కొత్త జబ్బు కాదు. సుమారు 3600 ఏళ్ళ కిందటి ఈజిప్టు వైద్యగ్రంథం ఒకదానిలో, బొటనవేళ్ళు నోటి లోపలికి పెట్టి దవడను వెనక్కు తోసి సరిచేసే పద్ధతి ఉన్నది. మన సుశ్రుతుడు కూడా కీలు తప్పిన దవడను స్వస్థానానికి తెచ్చి, కాపడం పెట్టి కట్టు కట్టమన్నాడు. ఇప్పటి వైద్యులు చేసేది కూడా ఇంచుమించు అదే, కాని అది తెలిసినవాళ్ళు చెయ్యవలసిన పని. మన పెద్దలు ఆవులించేటప్పుడు నోటి ముందు చిటికె వేస్తారు. దవడ నొప్పి ఉన్నవాళ్ళు ఒక చేత్తో చిటికె వేసుకోవచ్చు, రెండో చేతి పిడికిలి మాత్రం గడ్డం కింద ఆనించి, నాలుకను "ల" చోట పెట్టి ఆవులించాలి. అప్పుడు నోరు కావలసినంతే తెరుచుకుంటుంది.